అమ్మరాని పట్టా ఎవరికి కాపలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దళితవాడల్లో అసైన్డ్ పట్టా అంటే షరతు పెట్టి ఇచ్చిన భూమి. దున్నుకోవచ్చు, బిడ్డలకివ్వొచ్చు, అమ్మరాదు.

సొంత భూమి అమ్ముతూ, కొన్నోడు దాన్ని ఎన్నడూ అమ్మరాదని దస్తావేజులో రాస్తే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ఆ షరతు చెల్లదంటుంది. అసైన్డ్ పట్టా దగ్గరకొచ్చేసరికి అదే షరతును 1977 నాటి 9వ చట్టం నిలబెడుతుంది.

షరతు ఎత్తేయమని మేం అనటం లేదు. ఎత్తేస్తే భూమి మళ్లా గడీకే చేరుతది. మా విమర్శ వేరు: ఈ షరతు పేదోణ్ని కట్టేస్తుంది, సర్కారును కట్టెయ్యదు. ‘ప్రజాప్రయోజనం’ అనగానే పట్టా వాపసు తీసుకుంటరు. అసైనీలకూ మార్కెట్ ధర కట్టివ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సొచ్చింది.

షరతు ఇద్దరికీ ఉంటే రక్షణ. ఒక్కరికే ఉంటే సంకెల.