గోపల్ల గ్రామము – మన ఇంటి కథ, పొరుగువారి లిపి

ఈ సంచికకు నేటి కథాసాహిత్యమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. పదకొండవ తరగతితో చదువు ముగించి, కార్యాలయమున దస్త్రములు వ్రాసి, విశ్రాంతి గొన్నవారము. కేవలము చదువరులము. అయినను చదువరికి చెప్పుకొనవలసిన మాట యొకటి యున్నది. దక్షిణదేశమునకు తరలివచ్చిన తెలుగువారిని గూర్చి మేము చదివిన నవలలలో మిక్కిలి గొప్పది తమిళమున వ్రాయబడినది. దానిని వ్రాసినవారి ఇంటిభాష తెలుగు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడెల్ల మాకు సంతోషమును, సిగ్గును ఒక్కమారే కలుగుచుండును.

ఆ గ్రంథము కి. రాజనారాయణన్ గారి "గోపల్ల గ్రామము". 1976లో వెలువడినది. తమిళులు ఆయనను కి. రా. అని ముద్దుగా పిలుచుకొందురు. కోవిల్‌పట్టి సమీపమున ఇడైచెవల్ అను పల్లె వారి స్వస్థలము. కు. అళగిరిసామి గారును ఆ పల్లెవారే. ఇద్దరును సాహిత్య అకాడమీ బహుమానము లందుకొనిరి. ఒక్క చిన్నపల్లెకు రెండు! కి. రా. గారికి 1991లో ఆ గౌరవము తెచ్చిపెట్టినది ఈ నవలకు తరువాయియైన "గోపల్లపురత్తు మక్కళ్". ఆయన బడిచదువు స్వల్పము. సేద్యము చేసికొని బ్రతికినవారు. అయినను పుదుచ్చేరి విశ్వవిద్యాలయమువారు పిలిచి, జానపద సాహిత్యమును బోధించుటకు ఆచార్యులుగా కూర్చుండబెట్టిరి. 2021 మే 17న ఆయన పుదుచ్చేరిలో కన్నుమూసినప్పుడు తమిళనాడు ప్రభుత్వము అధికార లాంఛనములతో అంత్యక్రియలు జరిపించినది.

ఇక నవల. ఇందు నాయకుడు లేడు, నాయిక లేదు. ఊరే నాయకుడు. నగలకై యొక యువతిని చెరువుకడ చంపిన దొంగ కథతో గ్రంథము మొదలగును. ఆ దొంగకు శిక్ష వేయుటకు ఊరిపెద్దలు కూడుదురు. ఆ నెపమున ఊరి పుట్టుక కథ బయటపడును. చెప్పునది మంగత్తాయారమ్మ అను ముసలామె. నూరేండ్లు ఏనాడో దాటిన మనిషి. తెలుగుదేశమున చెన్నాదేవి యను చక్కదనాల చిన్నదానిపై నొక ప్రభువు కన్ను పడుట, కులపెద్దలు రాత్రికి రాత్రి ఊరు విడుచుట, వెంట తరుముట, దైవసహాయమున నది దాటుట, నెలల తరబడి నడక, తుదకు అరణ్యమునకు నిప్పుపెట్టి నేల చదునుచేసి నల్లరేగడిలో విత్తు విత్తుట – ఇది యంతయు ఆమె నోట వినబడును. చివరకు కుంపినీవారి నీడ ఊరిపై పడుటతో కథ నిలిచిపోవును.

మన విమర్శకులు కొందరు దీనిని నవల యనుటకు సందేహింతురేమో. కథకు కథ తగిలించుకొని పోవుటయే తప్ప, పట్టుగల యల్లిక లేదందురు. మాకును మొదటిసారి అట్లే తోచినది. ఒకరి పేరెట్లు వచ్చినదో చెప్పుటకు రెండు పుటలు, ఒకరి మీసమును గూర్చి ఒక పుట. ఇదేమి రచన యని విసుగుకొంటిమి. రెండవమారు చదువునప్పుడు గాని తెలియలేదు – ఇది వాకిట నులకమంచముపై కూర్చుండి చెప్పు కథ. వాకిటి కథకు ఆరంభమేమి, అంతమేమి? ప్రక్కింటి ఆవు త్రాడు త్రెంచుకొన్నచో కథ ఆగును; ఆవును కట్టివచ్చి మరల చెప్పుదురు.

లోపము లేకపోలేదు. వలసకు ముసలామె చెప్పిన కారణమును గ్రంథకర్త యథాతథముగా నిలిపినారు. ఆడపిల్లను గోరిన ముస్లిం ప్రభువు, మానము కాపాడుకొనుటకు పరుగెత్తిన కులము – ఈ కథ దక్షిణాదిని స్థిరపడిన తెలుగు కులములు పెక్కింటిలో, పేర్లు మాత్రము మారి, వినబడుచునే యున్నది. ఒక్క సంఘటన ఇన్ని కులములకు జరిగియుండునా? చరిత్రకారులు చెప్పునది వేరు. విజయనగర సైన్యములు దక్షిణమునకు వచ్చినవి. 1529 ప్రాంతమున మధురలో నాయకరాజ్యము నెలకొన్నది. సైనికులవెంట రైతులు, రైతులవెంట చేతిపనులవారు కదలివచ్చిరి. మెట్టసేద్యము నెరిగిన మనవారికి ఇచ్చటి నల్లరేగడి నేల కంటికింపుగా దోచినది. భూమి కొరకు వచ్చితిమని చెప్పుటకంటె మానము కొరకు వచ్చితిమని చెప్పుట పెద్దలకు గౌరవముగా నుండియుండును. మానవస్వభావ మది. కి. రా. గారు తహసీల్దారు కారు, విచారణ జరిపి నివేదిక వ్రాయుటకు; ముసలామె మాటను ముసలామె మాటగానే వ్రాసిరి. కాని మన కుర్రవాండ్రు దీనిని చరిత్రయని భ్రమించి పొరుగు మతస్థులపై కోపము పెంచుకొన్నచో అది ఆ గ్రంథమునకు ద్రోహము.

మమ్ము ఇంతకంటె గాఢముగా తాకినది భాష. ఇది తమిళగ్రంథమే. అయినను పాత్రలు నోరు విప్పినప్పుడు వాక్యము క్రింద తెలుగు కదలుచుండును. పేర్లు మనవి, వరుసలు మనవి, వేళాకోళము మనది. తమిళలిపిలో క, గ లకు ఒక్కటే యక్షరము. త, ద లకు నొక్కటే. ప, బ లకు నొక్కటే. మన 'గుడి'ని ఆ లిపిలో వ్రాసిన 'కుడి' యగును. మా మనుమడు ఇంట తెలుగు చక్కగా మాటలాడును గాని మన యక్షరము లెరుగడు. చేతిఫోనున మాకు జాబు వ్రాయునప్పుడు తెలుగు మాటలను తమిళాక్షరములలో వ్రాయును. ఒకనాడు 'రేపు బడి లేదు' అని వ్రాసినాడు. తమిళము చదువువారి కన్నులకు అందలి 'బడి' 'పడి' యగును. 'పడి' యనగా ఆ భాషలో 'చదువుము' అని యర్థము. మేము చాలసేపు నవ్వితిమి. తరువాత నవ్వు రాలేదు.

2006లో తమిళనాట తమిళమును ఒకటవ తరగతి మొదలు ఏడాది కొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు నిర్బంధపాఠ్యముగా జేయు చట్టము వచ్చినది. దానివలన మన బడులకు కష్టము కలిగిన మాట నిజమే. సభలలో ఆ చట్టమును దూషించుట మనకు వాడుకయైనది. అయితే దానికి ముందే మా బంధువుల యిండ్లలో ముప్పాతికమువంతు పిల్లలు తెలుగక్షరములు మరచియుండిరి. ఆ నేరము ఏ ప్రభుత్వముపై మోపగలము?

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. మా అమ్మమ్మది సాత్తూరు దిక్కు. వేసవి సెలవులకు మేము మదరాసునుండి పోయినప్పుడు రాత్రివేళ ప్రత్తి వొలుచుచు కథలు చెప్పెడిది. నదియొడ్డున కానుగచెట్టు వంగి మనవారికి వంతెనయైన కథ ఆమె నోటనే మొదట వింటిమి. అప్పుడు మాకు పదునాలుగేండ్లు. తెలుగు బడిలో వ్యాకరణమున మంచి మార్కులు వచ్చుచుండినవి. ఆమె 'ఉండాది' అనెడిది. మేము 'ఉన్నది అనవలెను' అని దిద్దెడివారము. ఆమె 'సరే నాయనా' అని ఊరకుండెడిది. క్రమముగా మా యెదుట కథ చెప్పుట మానివేసినది; మా చెల్లెండ్రకు మాత్రము చెప్పెడిది. ఆమె పోయిన పదునైదేండ్లకు ఈ తమిళనవల మా చేతికి వచ్చినది. మంగత్తాయారమ్మ మాటలాడుట మొదలిడగానే మేము గ్రంథమును మూసి కొంతసేపు వాకిట కూర్చుంటిమి.

కి. రా. గారు తమ ప్రాంతపు పామరుల తమిళమును ఎవరు నిందించినను విడువలేదు. అంతేగాక, ఆ నల్లరేగడి సీమ మాటలకు ఒక నిఘంటువును కూర్చిపెట్టిరి. తెలుగు తల్లిభాషగా గల రైతు తమిళ మాండలికమునకు నిఘంటువు కూర్చెను. తెలుగు వ్యాకరణము చదివిన గుమాస్తా తన అమ్మమ్మ మాటను దిద్ది నోరు మూయించెను. పాఠకులు దీనిని పరిహాసముగా తీసికొనినను మాకు అభ్యంతరము లేదు.

తెలుగున ఇట్టివి అసలు లేవని మా భావము కాదు. స. వెం. రమేష్ గారి "ప్రళయకావేరి కథలు" చదువనివారు తప్పక చదువవలెను. పులికాటు సరస్సునకు మనవారి పాతపేరు ప్రళయకావేరి. అందలి దీవుల జనుల తెలుగు, వారి చేపలు, చెట్లు, పిట్టలు, తిండ్లు, తాతామనుమల మాటలు ఆ కథలలో మెరయుచున్నవి. మాకు సగము మాటలు క్రొత్తవి. ఒక్క మాటకును అర్థము చెప్పించుకొనవలసిన యక్కర కలుగలేదు, వాక్యమే చెప్పినది. కి. రా. గారి గ్రంథమున హాస్యము మిన్న. ఇందు దుఃఖము మిన్న, ఒక్కొక్కచోట అవసరమునకు మించినదేమో కూడ. తన పల్లె పోయినదని తెలిసి వ్రాసినవాని చేయి వణకదా? చిత్తూరు సీమ పలుకుబడిలో నామిని గారు "పచ్చనాకు సాక్షిగా" వ్రాసిన నాటినుండి తెలుగుదేశమున మాండలికమునకు పెద్దపీటయే దొరకినది. దొరకనిది సరిహద్దు కీవల నున్న మన ఇండ్ల తెలుగునకే. పండుగ సభలో కవిసమ్మేళనమునకు పోతిమా, మనవారందరును పుస్తకపు తెలుగే చదువుదురు. దిగివచ్చి భోజనపంక్తిలో కూర్చున్న పిమ్మట గాని అసలు తెలుగు వినబడదు. మంచి కథకులందరు పంక్తిలోనే యున్నారు!

పుస్తకములు దొరకు విషయము మరియొక వ్యథ. ఒకప్పుడు తెలుగు పుస్తకమునకు పుట్టినిల్లు మదరాసు. వావిళ్ళవారి ముద్రణలు ఇచ్చటివి. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇచ్చటికి వచ్చి దినపత్రికయైనది. 1924లో భారతి ఇచ్చటనే వెలసినది. 1947లో చందమామ తెలుగునను, అంబులిమామ యను పేర తమిళమునను ఇచ్చటనే మొదలైనది. 1985లో అగ్నికి ఆహుతియైన మూరుమార్కెట్టులో మేము పాత భారతి సంచికలను బేరమాడి కొన్నవారము. ఇప్పుడో, జనవరి మాసపు పుస్తకప్రదర్శనలో వీథులవెంట తిరిగి తిరిగి కాళ్ళు నొచ్చినవి గాని మాకు తెలుగున పిల్లల బొమ్మల పుస్తకములకంటె వేరు దొరకలేదు. హైదరాబాదునుండి తెప్పించుకొనవలసినదే. ఆ పుస్తకముల కాగితము, అచ్చు, ముఖచిత్రము మా చిన్ననాటి పుస్తకములకంటె ఎంతో ముచ్చటగా నున్న వనుట న్యాయము. అచ్చుతప్పులు మాత్రము అప్పటికంటె హెచ్చు. దస్త్రములు సరిచూచిన కన్నులకు అవి ముండ్లవలె గ్రుచ్చుకొనును.

మేమెరిగిన యొక సంఘమువారి గ్రంథాలయమున నాలుగు బీరువాలున్నవి. తాళముచెవి ఎవరివద్ద నున్నదో ముగ్గురు కార్యదర్శులు మారినను తేలలేదు. అద్దములోనుండి వెన్నులపై పేర్లు మాత్రము చదువవచ్చును. శ్రీకాకుళమున కాళీపట్నం రామారావు గారు తమకు వచ్చిన బహుమతుల సొమ్ము వెచ్చించి 1997లో కథలకై ఒక నిలయమునే కట్టించినారు. ఆయనయు మనవలె పింఛను తీసికొనినవారే, బడిపంతులు. ఆ బీరువా తాళము పగులగొట్టించు ఖర్చు మేము భరింతుమని రెండుమారులు వ్రాసితిమి. కార్యవర్గ సమావేశమున చర్చింతు మన్నారు.

అంతవరకు ఊరకుండలేక మేము చేయగల పని యొకటి చేయుచున్నాము. మా పిన్నమ్మ యొకామె సాత్తూరు దిక్కుననే యున్నది, తొంబది దాటినది, చెవులు మందగించినవి గాని జ్ఞాపకము చెడలేదు. ఈ నడుమ రెండుమారులు పోయి ఆమె చెప్పినది చెప్పినట్లు తెలుగక్షరములలో వ్రాసికొంటిమి. మనుమని వెంటబెట్టుకొని పోతిమి. వాడు ఫోనున ఆమె గొంతును పట్టినాడు, మేము చేతితో వ్రాసితిమి. 'ఉండాది' అన్నచోట 'ఉండాది' యనియే వ్రాసితిమి. మా అమ్మమ్మ చెప్పిన కథలో కానుగచెట్టు వంగినది గదా. ఈమె చెప్పినదానిలో చెట్టు లేదు, నదియే రెండుగా పాయ విడిచి దారి యిచ్చినది. 'చెట్టు సంగతి ఏమి పిన్నమ్మా?' అని అడుగబోయి మానుకొంటిమి. మనుమడు మాత్రము 'అవ్వా, ఆ నది పేరేంది?' అని అడిగినాడు. ఆమె చాలసేపు ఆలోచించి, అది తనకు ఎవరును చెప్పలేదన్నది. రెండు నోటుపుస్తకములు నిండినవి. సంక్రాంతికి మరల పోవుటకు రైలు టిక్కెట్లు కొనియుంచితిమి.