ఇంటిపేరు లేని హీరో, ఇంటిపేరే నేరమైన మేము

తెలుగు సినిమా స్మగ్లర్‌ని నెత్తిన పెట్టుకోవడం ఇవాళ కొత్తగా మొదలు కాలేదు. ఏ స్మగ్లర్‌ని నెత్తిన పెట్టుకుంటున్నారు, ఏ స్మగ్లర్‌ని చంపి చప్పట్లు కొట్టించుకుంటున్నారు అనే లెక్క తీసినవాళ్ళు మాత్రం తక్కువ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ముస్లింలుగా ఆ లెక్క తీయడం మాకు అవసరం. ఎందుకంటే ఈసారి తెర మీదికి వచ్చిన అడవి మా పాత చిత్తూరు జిల్లాది. వచ్చిన భాషా మాదే.

'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబరు 17న, రెండో భాగం 2024 డిసెంబరు 5న విడుదలయ్యాయి. మొదటి భాగంలో నటనకు అల్లు అర్జున్‌కి 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదలు. చిత్తూరు యాసలో మాట్లాడే కూలోడు ఆ గౌరవం తెచ్చుకున్నందుకు మేమూ సంతోషించాం. ఆ యాస అంతకుముందు సినిమాల్లో ఎక్కువగా నవ్వించడానికే పనికొచ్చింది. నామిని, కేశవరెడ్డి వంటి రచయితలు దానికి సాహిత్యంలో ఎప్పుడో మర్యాద తెచ్చారు. సినిమా చాలా ఆలస్యంగా తెచ్చింది. తెచ్చిన సినిమా అడవి దృశ్యాల్ని చాలావరకు మారేడుమిల్లిలో తీసుకుందన్నది వేరే సంగతి.

కానీ ఆ యాస మాట్లాడేవాళ్ళందరికీ ఆ మర్యాద దక్కిందా? మదనపల్లె టమాటా మండీలో బుట్టలు మోసే సాయిబు అదే యాస మాట్లాడతాడు. పుంగనూరు బస్టాండులో టీ కాచే సాయిబూ అంతే. కుప్పంలో మావాళ్ళు తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడి ఇంటికెళ్ళి దక్కనీలో బువ్వ అడుగుతారు. ఆ దక్కనీలో ఈ మూడు భాషల మాటలూ కలగలిసి వందల ఏళ్ళయింది. సినిమాలో సాయిబు మాత్రం ఇంకా 'నమ్మల్కీ, తుమ్మల్కీ' అనే మాట్లాడాలి. అట్లా మాట్లాడే మనిషి మా మూడు ఊళ్ళలో ఒక్కడు లేడు. ఉన్న భాషని మా నోట్లోంచి తీసేసి, లేని భాషని మా నోట్లో పెట్టారు. అప్పుడుగాని మేము బయటివాళ్ళలాగా కనపడం!

పుష్పరాజ్ కోపానికి మూలం ఎక్కడుంది? ఇంటిపేరులో ఉంది. తండ్రి ఇంటివాళ్ళు అతనికి ఇంటిపేరు ఇవ్వరు. బళ్ళో, పెళ్ళిచూపుల్లో, నలుగురిలో అతన్ని కొట్టే దెబ్బ అదే. ప్రేక్షకుడు కన్నీళ్ళు పెట్టుకునేదీ అక్కడే. ఆ ఒక్క అవమానాన్ని చూపి సినిమా అతని దొంగతనాన్ని, హత్యల్ని, లంచాల్ని మాఫీ చేయిస్తుంది. అవమానం మనిషిని ఎంత దూరం తోస్తుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాకు ఇంటిపేరు లేకపోవడం కాదు, ఉండటమే సమస్య. షేక్, సయ్యద్, పఠాన్ అని చెప్పగానే అద్దె ఇల్లు ఖాళీ లేదంటారు, చెక్‌పోస్టు దగ్గర డిక్కీ రెండోసారి తెరవమంటారు. ఇంటిపేరు లేనివాడి కోపానికి మూడేసి గంటల సినిమాలు రెండు తీశారు. ఇంటిపేరుతోనే తీర్పు అయిపోయేవాడి కోపానికి మూడు నిమిషాలైనా ఇచ్చారా? ఇస్తే గిస్తే ఆ కోపానికి టెర్రరిజం అని పేరు పెడతారు.

పాత లెక్క కూడా చూద్దాం. 1975లో వచ్చిన హిందీ సినిమా 'దీవార్'కి బొంబాయి స్మగ్లర్ హాజీ మస్తాన్ జీవితం ప్రేరణ అని చెప్పుకుంటారు. తెర మీదికొచ్చేసరికి ఆ హీరో పేరు విజయ్ అయింది. అతన్ని తుపాకి గుండు నుంచి కాపాడే బిళ్ళ మీద మాత్రం 786 అంకె ఉంటుంది. మా బర్కత్ కావాలి, మా పేరు వద్దు! ఆ కథనే 1976లో ఎన్టీఆర్‌తో 'మగాడు'గా తెలుగులో తీశారు. 1987లో వరదరాజన్ మొదలియార్ జీవితం ఆధారంగా మణిరత్నం తీసిన 'నాయకుడు' తెలుగులోకి డబ్ అయి వచ్చింది. అందులో స్మగ్లర్ పేదల దేవుడు. 1992 డిసెంబరు 6 తర్వాత, 1993 మార్చి బొంబాయి పేలుళ్ళ తర్వాత, సినిమాలో స్మగ్లర్ రెండుగా చీలిపోయాడు. పేదల దేవుడుగా ఉండేవాడు ఒకడు. దేశాన్ని పేల్చేవాడు ఇంకొకడు. రెండోవాడికి మా పేర్లు వచ్చాయి.

2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం' ఈ చీలికని ఒకే ఇంట్లో పెట్టింది. అన్న అమ్జాద్ దేశభక్తుడైన ఆటో డ్రైవరు, తమ్ముడు టెర్రరిస్టు. అమ్జాద్ మంచివాడే. కానీ సినిమా అంతా అతను తన మంచితనాన్ని రుజువు చేసుకుంటూనే ఉండాలి. పక్కింటివాడు అడగకుండానే దేశభక్తుడు. సెక్యులర్ మిత్రులు మా ముందు అమ్జాద్‌ని పెట్టి, చూడండి మంచి ముస్లిం కూడా ఉన్నాడు కదా అంటారు. ఆ 'కూడా'తోనే మా పేచీ. హిందీలో 2010 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ముంబై', 2017 నాటి 'రయీస్' ముస్లిం స్మగ్లర్‌ని కథానాయకుడిగా నిలబెట్టాయి. దొంగకు కూడా ఒక బాల్యం, ఒక తల్లి, ఒక బజారు ఉంటాయని ఒప్పుకున్నాయి. తెలుగులో మాకు ఆ మాత్రం దొంగతనం కూడా దక్కలేదు.

'పుష్ప' రెండో భాగంలో సరుకు సముద్రం దాటాల్సి వచ్చినప్పుడు అంతర్జాతీయ స్మగ్లరుగా వచ్చే పాత్ర పేరు హమీద్. ఒక హమీద్ దుర్మార్గుడైతే మాకేం కష్టం లేదు. మాలో దొంగలు లేరని మేము ఎప్పుడూ అనలేదు. ఎర్రచందనం లారీ తోలినవాళ్ళలో, దుంగలు దాచినవాళ్ళలో అన్ని కులాలూ, అన్ని మతాలూ ఉన్నాయి. మా ప్రశ్న వేరు. దొంగతనం ఊళ్ళో ఉన్నంతసేపు కూలి, పేదరికం, అవమానం అని కారణాలు దొరుకుతాయి. దేశం దాటగానే కారణాలు మాయమై హమీద్ వస్తాడు. నిజంగా మా ప్రాంతం నుంచి సముద్రం దాటేది ఎవరు? రాయచోటి నుంచి, మదనపల్లె నుంచి కువైట్‌కి ఖద్దామా పనికి పోయే ఆడవాళ్ళు. అరబ్బు ఇంట్లో గిన్నెలు తోమి పిల్లల ఫీజులు పంపేవాళ్ళు. అందులో ముస్లింలూ ఉన్నారు, దళితులూ ఉన్నారు. మా అంతర్జాతీయ కథ అది. దాన్ని ఏ థ్రిల్లరూ ముట్టుకోలేదు.

సర్కారు అవినీతి సంగతీ అంతే. సినిమాలో పుష్పరాజ్ ముఖ్యమంత్రితో ఫోటో అడుగుతాడు. కాదన్నందుకు ముఖ్యమంత్రినే మార్చడానికి దిగుతాడు. చూడ్డానికి పసందుగానే ఉంటుంది. కానీ మా ఊళ్ళలో అవినీతి హెలికాప్టర్‌లో రాదు, ఫైలులో వస్తుంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ప్రభుత్వం సీఐడీ విచారణ వేసింది. ఆ కాగితాల్లో ఎంత మంది రైతుల బతుకులున్నాయి? రేషను బియ్యం కర్ణాటకకు పోవడం, కర్ణాటక మందు ప్యాకెట్లు ఇటు రావడం, కుప్పం వైపు గ్రానైటు రాళ్ళు రాత్రిపూట కదలడం మూడు రాష్ట్రాల సరిహద్దులో ఎవరికి తెలియదు? ఇందులో హీరో లేడు. కాబట్టి సినిమా లేదు.

ఇటలీలో రాబర్తో సావియానో 2006లో 'గొమొర్రా' అనే పుస్తకం రాశాడు. 2008లో అది సినిమా అయింది. నేపుల్స్ మాఫియాని అందులో ఎవరూ ప్రేమించలేరు. కుట్టుమిషను మీద దొంగబట్టలు కుట్టే దర్జీ, విషపు చెత్తను పొలాల్లో పూడ్చే కాంట్రాక్టరు, తుపాకి పట్టుకున్న పిల్లలు అందులో కనిపిస్తారు. సరుకు ఎవరి చేతుల మీదుగా పోతుందో, ఆ చేతులు ఏమవుతాయో చూపిస్తుంది. ఆ పుస్తకం రాసినందుకు రచయిత పోలీసు కాపలాలో బతకాల్సి వచ్చింది. ఇంకో పక్క 2000లో వచ్చిన అమెరికా సినిమా 'ట్రాఫిక్' మెక్సికోలో నడిచే దృశ్యాలన్నిటికీ పసుపు రంగు పులిమింది. ఆ దేశపు గాలే పాడైపోయిందన్నట్టు. మా మీద పులిమే రంగు పచ్చ. రంగు మారింది, పద్ధతి అదే.

ఎర్రచందనం లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ కొండల్లోనే పెరుగుతుంది. 1995 నుంచి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద దాని వ్యాపారం మీద అదుపు ఉంది. చైనాలో కుర్చీలకూ మంచాలకూ, జపాన్‌లో షామిసెన్ వాద్యానికీ ఆ కర్ర కావాలి. కావలసినవాడు అక్కడ ఉన్నాడు, చచ్చేవాడు ఇక్కడ ఉన్నాడు. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారుల్ని ఆ కొండల్లో చంపారు. వాళ్ళవీ ప్రాణాలే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఇరవై మంది తమిళ కూలీల్ని ప్రత్యేక దళం కాల్చి చంపింది. ఎదురుకాల్పులని చెప్పింది. బస్సులోంచి దింపి పట్టుకుపోయారని, తాము తప్పించుకున్నామని బతికినవాళ్ళు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. బస్సులో వాళ్ళని పట్టిచ్చింది ఏమిటి? చేతిలో గొడ్డలి కాదు, నోట్లో తమిళం.

సరిగ్గా అదే రోజు, 2015 ఏప్రిల్ 7న, ఆలేరు దగ్గర ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తెస్తున్నారు. చేతులకు బేడీలున్నాయి. తుపాకులు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. వాళ్ళ మీద కేసులు నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు. ఆ కోర్టు దాకా వాళ్ళు చేరలేదు. ఒకే తేదీ, ఇరవై అయిదు శవాలు, రెండు తెలుగు రాష్ట్రాలు. ఒకరు అరవం మాట్లాడేవాళ్ళు, ఇంకొకరు ఉర్దూ మాట్లాడేవాళ్ళు. తిరువణ్ణామలై కొండల పేదవాడికీ, హైదరాబాదు గల్లీ ముస్లింకీ ఉన్న చుట్టరికం ఆ రోజు బయటపడింది. ఆ చుట్టరికం మీద మనం ఎంత రాశాం? ముస్లింలు ఆలేరు గురించి మాట్లాడారు, హక్కుల సంఘాలు రెండింటి గురించీ మాట్లాడాయి. తెలుగు సాహిత్యం చాలావరకు నోరు మూసుకుంది.

'పుష్ప'లో పేరు గుర్తుండే కూలీలు ఎంతమంది? పుష్ప, కేశవ. ఇద్దరూ కూలీలుగా మిగలరు. మిగతావాళ్ళు దుంగలు మోసే భుజాలు మాత్రమే. హీరో కావాలంటే కూలీతనం వదలాలని ఆ సినిమా చెప్తుంది. వదల్లేనివాడు ఏమయ్యాడో 2015 చెప్పింది.

సినిమాని సినిమాగా చూడమని మిత్రులు సలహా ఇస్తారు. అట్లాగే చూస్తాం. కానీ ఎన్‌కౌంటర్ దృశ్యానికి హాల్లో ఈలలు కొట్టిన మనిషే మర్నాడు పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త చదువుతాడు. ఆ ఈల అక్కడా వినిపిస్తుంది. విచారణ ఎందుకు, సాక్ష్యం ఎందుకు అనే ఓపికలేనితనాన్ని థ్రిల్లరు మప్పుతుంది. ఆ ఓపికలేనితనానికి మొదట బలయ్యేది ఎవరి ఇంటిపేరో మాకు తెలుసు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన హైదరాబాదు కుర్రాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్ళలో కొందరికి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. అది ఏ సినిమాకీ క్లైమాక్సు కాలేదు.

1998లో 'జల్జలా' వచ్చినప్పుడు, అంతకుముందు 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, మా గురించి మేమే చెప్పుకుంటామని మావాళ్ళు తేల్చిచెప్పారు. కవిత్వంలో ఆ పని జరిగింది, కథలో జరుగుతోంది. నేరం, డబ్బు, అధికారం గురించిన కథల్లో ఇంకా మొదలు కాలేదు. పుంగనూరు లారీ క్లీనరు కథ, కువైట్ నుంచి పెట్టె మోసుకొచ్చి ఎయిర్‌పోర్టులో అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డ ఖద్దామా కథ, కుప్పం చెక్‌పోస్టులో మూడు భాషల్లో జవాబు చెప్పినా నాలుగో భాష వల్ల అనుమానం తెచ్చుకున్న కుర్రాడి కథ మేమే రాయాలి. వాళ్ళలో మంచివాళ్ళూ ఉండాలి, దొంగలూ ఉండాలి. మాకు దేవుళ్ళు అక్కర్లేదు, అమ్జాద్‌లు అక్కర్లేదు. మాలో ఒకడు తప్పు చేస్తే అతని తప్పు అతని ఒక్కడి పేరున రాసే కథ కావాలి.