పూడికే అక్కడ పొలం

దక్షిణ ట్యునీషియాలో, సహారా ఎడారి అంచున మత్మాతా కొండలున్నాయి. అక్కడ ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 100 నుంచి 200 మిల్లీమీటర్లు. కరవుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో మూడో వంతు వానతో, అదీ కొండవాలులో, అక్కడి అమాజిగ్ రైతులు తరతరాలుగా ఆలివ్, అంజీర, బాదం తోటలు పెంచుతున్నారు.

ఆ పద్ధతిని జెసూర్ అంటారు. కొండ మీంచి దిగే వాగుకు అడ్డంగా మట్టికట్ట వేస్తారు. దాని పేరు తబియా. ఎత్తు మామూలుగా రెండు నుంచి ఐదు మీటర్లు. వాన పడగానే చుట్టుపక్కల బోడి వాలుల నుంచి ఎర్రనీళ్లు మట్టిని మోసుకొచ్చి కట్ట దగ్గర ఆగుతాయి. నీళ్లు ఇంకిపోతాయి, ఒండ్రు మిగులుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ ఒండ్రే చదునైన మడిగా మారుతుంది. చెట్లు నాటేది అందులోనే. పదును బాగా దొరికిన ఏడాది చెట్ల మధ్య బార్లీ, బఠాణీ కూడా చల్లుతారు.

మన చెరువుకు పూడిక బెడద. తీసి పొలాలకు తోలుకుంటాం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ అదే చేశారు. మత్మాతాలో కట్ట వేసేదే పూడిక కోసం. ఆ ఎండకు నిలవనీరు ఎన్నాళ్లో ఆగదు. అదే నీరు మీటర్ల లోతు ఒండ్రులోకి దిగితే వానల్లేని నెలల్లోనూ వేళ్లకు అందుతుంది. వాన వెలిశాక మన మెట్టరైతు గుంటక తోలినట్టే వాళ్లూ పైమట్టిని కదిలించి, లోపలి తడి ఆవిరి కాకుండా చూసుకుంటారు.

లెక్క వేసి చూస్తే దీని బలం తెలుస్తుంది. మడికి ఐదింతల వాలు పైన ఉందనుకుందాం. 20 మిల్లీమీటర్ల జడివానలో వాలు మీది నీళ్లు సగమే కిందికి దిగినా, మడికి దక్కేది 70 మిల్లీమీటర్ల వానతో సమానం.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అలుగు. కట్టకు ఓ పక్కనో మధ్యలోనో రాళ్లు పేర్చి కడతారు. దాని గడప మడి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. మరీ ఎత్తయితే వరద కట్ట మీంచి పొర్లి గండి కొడుతుంది. మరీ తక్కువైతే నీరు ఇంకకముందే జారిపోతుంది. పై మడి అలుగు దూకిన నీళ్లే కింది మడికి ఆధారం, మన గొలుసుకట్టు చెరువుల్లాగే. దూకిన చోట నేల కోసుకుపోకుండా కిందా రాళ్లు పరుస్తారు. ఒండ్రు పెరిగేకొద్దీ కట్టనూ గడపనూ పైకి లేపుతూ పోవాలి.

ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. దానికి ఊళ్లో మనుషులుండాలి. పట్టణాలకు, ఫ్రాన్సుకు వలసలు పెరిగాక చాలా కట్టలు చూసే దిక్కులేక తెగాయి. పైన ఒకటి తెగితే ఆ వరదంతా కింది కట్ట మీద పడుతుంది. తరాలు కూడబెట్టిన మట్టి ఒక్క వానకు కొట్టుకుపోతుంది.

మన గుట్టవాలు మామిడి తోటల్లోనూ వాననీరు ఆపేందుకు కందకాలు తవ్వుతున్నాం, మంచిదే. అయితే తవ్వకముందే ఆలోచించాల్సింది, పెద్దవానకు కందకం నిండాక మిగులు నీరు ఎటు పోవాలి, ఆ దారిని ఏటా ఎవరు బాగుచేయాలి అని.