కట్టు విప్పాక

ఈ వారం భోగాపురం జంక్షన్‌లో ఒక గుంటడు నన్ను ఆపి, ఎక్స్‌రే ఫిల్మ్ ఎండకెత్తి చూపించాడు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కాలు మెలిపడ్డవాడు. ‘ఏటవ్వలేదంట మేస్టారూ, ఎముక బాగానే ఉందంట’ అన్నాడు సంతోషంగా. నాకు ఒళ్లు మండింది. ఎక్స్‌రేలో కనబడేది ఎముకే. తెగింది లిగమెంటయితే ఆ ఫిల్మ్‌ని సాయంత్రం దాకా చూసినా ఏం దొరుకుతుంది? పైగా మోకాలి చుట్టూ వెదురుబద్దలు, గుడ్డు సొన పట్టించిన గుడ్డ, బిగించి కట్టిన నాటు కట్టు. విప్పొద్దన్నారట.

టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు వేశాను. దెబ్బ తగిలినప్పుడు చప్పుడేమైనా వినబడిందా? వాపు ఎంతసేపట్లో వచ్చింది? నడుస్తుంటే మోకాలు జారిపోతోందా? రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరుగుతుంటే ఎవరో మడమ పట్టుకున్నారట. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు తిరిగిపోయింది, లోపల టప్పుమంది. ఇంటికి చేరేసరికే చిప్ప కనబడనంతగా ఉబ్బింది. అంత తొందరగా వాపు వచ్చిందంటే కీలు లోపల రక్తం చేరిందన్నమాట. అప్పుడు మొట్టమొదట అనుమానించాల్సింది ఆటగాళ్లందరికీ తెలిసిన ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటునే. మోకాలి లోపలి మెత్త, అంటే మెనిస్కస్, ఒక్కటే చిరిగితే వాపు తీరుబడిగా, మర్నాటికి వస్తుంది. ఒక్కోసారి మోకాలు మధ్యలో పట్టేసి పూర్తిగా చాపనివ్వదు.

ముందు చెయ్యి, తరవాతే ఫిల్మ్. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాటే ఇది. ఎక్స్‌రే వద్దని కాదు. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు వంగకపోయినా, చిప్ప మీద నొక్కితే నొప్పి పుట్టినా, వయసు యాభై అయిదు దాటినా ఎక్స్‌రే తీయాల్సిందే. కానీ ఎముక విరగలేదని తేలినంత మాత్రాన పరీక్ష అయిపోయినట్టు కాదు.

మర్నాడు వాణ్ని ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాం. కట్టు విప్పించి, పడుకోబెట్టి, ముందు మంచి కాలు పట్టుకున్నారాయన. మోకాలు కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ కదలకుండా పట్టి, రెండో చేత్తో కింది ఎముకని ముందుకు లాగారు. కాస్త కదిలి టక్కున ఆగింది. తరవాత దెబ్బ కాలు. అది ఆగలేదు, మెత్తగా ముందుకు వచ్చేసింది. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. 1976లో అమెరికాలో జోసెఫ్ టోర్గ్ తన గురువు పేరు మీద దీన్ని ప్రకటించాడు. పైసా ఖర్చు లేదు, అరనిమిషం పని. ఎమ్మారై తరవాత తీశారు. చెయ్యి చెప్పిందే అదీ చెప్పింది.

చెయ్యి మాట ఎత్తితే ముక్కాంలో చేపలమ్మే అప్ప గుర్తొస్తుంది నాకు. గుమ్మం దగ్గర జారిపడింది. మోకాలు నొప్పి అంటుంది, మోకాలే చూపిస్తుంది. పట్నంలో ఒకచోట మోకాలికి ఫిల్మ్ తీసి బాగుందన్నారు, మళ్లీ వెళితే మళ్లీ మోకాలికే తీశారు. గోడ పట్టుకుని నడుస్తూనే ఉంది పాపం. చివరికి ఒక కుర్ర డాక్టరు ఆమెను పడుకోబెట్టి, కాలిని నెమ్మదిగా లోపలికి తిప్పాడు. గజ్జలో పట్టుకుని కెవ్వుమంది. తుంటికి ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక మెడ చీలి ఉంది. తుంటికి వెళ్లే నరాలే మోకాలికీ కొమ్మలు పంపుతాయి. అందుకని దెబ్బ పైన ఉన్నా నొప్పి కింద తెలుస్తుంది. ఎముక ఇంకా పక్కకి జరగలేదు గనక మరలు వేసి నిలబెట్టారు. జరిగిపోయుంటే తొడ ఎముక తలకి రక్తం అందక, తలే మార్చాల్సి వచ్చేది.

పెద్దవాళ్లు పడ్డాక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి. అలాంటివాళ్లకి ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరగాలి. మంచం మీద గడిచే కొద్దీ ఊపిరితిత్తుల్లో నిమ్ము, వీపున పుళ్లు, కాలి సిరల్లో రక్తపు గడ్డలు వస్తాయి. ప్రాణం తీసేవి ఎక్కువగా అవే. మోకాలు నొప్పని కుంటే పిల్లలకీ తుంటి చూడాలి. తాగుడు, స్టెరాయిడ్లు వాడకం ఉన్నవాళ్లకీ, మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న గిరిజన యువకులకీ తుంటి తల రక్తం అందక కుంగిపోవచ్చు. వాళ్లలోనూ కొందరు ముందు చూపించేది మోకాలే.

ఇంతవరకు చదివినవాళ్లు నేను జిల్లాకి ఇంకో ఎమ్మారై అడుగుతాననీ, నాటు కట్టు వాళ్ల మీద కేసు పెట్టమంటాననీ అనుకుంటారు. కట్టు విప్పినప్పుడు నేను చూసింది చెప్పనివ్వండి. గుంటడి తొడ ఇన్నాళ్ల కట్టుకే రెండో తొడకంటే రెండు వేళ్లు సన్నబడిపోయింది. చిప్ప పైనుండే కండ బిగించమంటే వాడికి బిగియ్యడమే రాలేదు. ఆ కండ రాకుండా ఆపరేషన్ చేసినా మోకాలు బిగుసుకుపోతుంది. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగాకే లిగమెంటు వెయ్యడం మేలు.

అసలు అందరికీ వెయ్యాలా? స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్, వ్యాయామం. రెండో జట్టులో 59 మందికి ముందు వ్యాయామం, అవసరమైతేనే కత్తి. 2010లో వచ్చిన ఫలితం చూస్తే రెండేళ్లకి ఆ 59 మందిలో 23 మందే ఆపరేషన్‌కి వెళ్లారు. మోకాళ్ల పరిస్థితిలో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మావాడు కబడ్డీ వదలడు, మోకాలు జారుతూ ఉంటే మెనిస్కస్ కూడా నలిగిపోతుంది గనక వాడికి ఆపరేషన్ తప్పకపోవచ్చు. అయినా కూతకి దిగేది తొమ్మిది నెలల తరవాతే. పుల్లెల గోపీచంద్ 1994లో పుణె జాతీయ క్రీడల్లో లిగమెంటు తెంచుకున్నారు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మధ్యలో ఏళ్ల తరబడి చేసిన కసరత్తుని మనం తలుచుకోం.

కసరత్తు దగ్గరుండి చేయించే మనిషేడి? కుట్లు విప్పాక ఒక కాగితం మీద బొమ్మలిచ్చి పంపేస్తారు. ఇంటికెళ్లి ఎలా చేస్తున్నాడో చూసేవాళ్లుండరు. నాటు కట్టాయన మాత్రం కట్టు మార్చడానికి మళ్లీ మళ్లీ రమ్మంటాడు, కాలు పట్టుకుని ఎలా ఉందని అడుగుతాడు. జనం ఆయన దగ్గరికి అందుకే వెళ్తున్నారు, నేను తిట్టినా వెళ్తారు. నెల్లిమర్ల అవతల కొండవెలగాడ చూడండి. గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అక్కడ పిల్లలు బరువెత్తుకుని గుంజీలు తీస్తుంటే మోకాలు ఎటు పోతోందో, నడుం ఎక్కడ వంగుతోందో ఎదురుగా నిలబడి చూసే పెద్దవాళ్లుంటారు.

ఎమ్మారైకి జీవితంలో ఒకసారి విశాఖ వెళ్లొస్తాం. తొడ కండ కట్టించే ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు కావాలి, నెలల తరబడి కావాలి, షేర్ ఆటోలో వెళ్లి వచ్చేంత దూరంలో కావాలి. ఈసారి నాయకుల చేతిలో అర్జీ పెట్టేటప్పుడు యంత్రం సంగతి తరవాత, మండలానికొక ఫిజియో పోస్టు పైన రాయండి.