బ్రాంచికి ఉందా, బోర్డుకే ఉందా?

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లకు నల్లరేగడి సంగతి చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది, కొత్త గోడనైనా చీలుస్తుంది. సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పిన నాకు, కోర్సుల నాణ్యత చూసి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) ఇచ్చే గుర్తింపు ఎందుకో ఈ మట్టి దగ్గరే బోధపడింది.

పాఠం పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలడో ముందే రాయమంటుంది ఎన్‌బీఏ. ‘నేల స్వభావం అర్థమవుతుంది’ అని రాస్తే ఎవరూ కాదనరు, దాన్ని కొలవడం మాత్రం ఎవరి తరమూ కాదు. ‘రేగడి మట్టికి ఫ్రీ స్వెల్ పరీక్ష చేసి, తగిన పునాది నిర్ణయించగలడు’ అని రాస్తే మాస్టారికీ పని పడుతుంది. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన పొడి మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఆ తేడాయే లెక్క. పిల్లలు దాన్ని తమ చేత్తో చేశాక, పరీక్షలో ఆ అంకె ఇచ్చి ‘ఇక్కడ రెండంతస్తుల ఇంటికి ఏ పునాది వేస్తావు?’ అని అడగాలి. సగం మంది తప్పు రాస్తే ఆ మాట ఫైల్లో ఉన్నదున్నట్టు రాసి, వచ్చే ఏడాది ఏం మారుస్తామో చెప్పాలి. గుర్తింపు అంటే నా దృష్టిలో ఇదే.

చాలాచోట్ల జరిగేది వేరు. కమిటీ వస్తుందనగానే పాత ఏళ్ల ఫైళ్లు కొత్తగా పుడతాయి. రావలసిన శాతం ముందే అనుకుని, ఎక్సెల్‌లో వెనక్కి లెక్క కడతారు. కుర్ర అధ్యాపకులు రాత్రిళ్లు ఈ చాకిరీలోనే ఉంటారు, పొద్దున పాఠం ఏమవుతుంది?

ఎన్‌బీఏను ఏఐసీటీఈ 1994లో పెట్టింది. ఇంజినీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకోవడానికి ఆరు దేశాలు 1989లో మొదలుపెట్టిన వాషింగ్టన్ అకార్డ్‌లో మన దేశానికి 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం వచ్చింది. అయితే ఆ ఒప్పందం వర్తించేది టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే. అనుబంధ కాలేజీలకిచ్చే టైర్-2కు అది లేదు. పైగా ఎన్‌బీఏ చూసేది ఒక్కో బ్రాంచిని, మరో గుర్తింపు సంస్థ నాక్ చూసేది మొత్తం విద్యాసంస్థను. ఆ నాక్ గ్రేడు కోసం లంచాలిచ్చారన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ మా గుంటూరు జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లనూ, తనిఖీకి వచ్చిన సభ్యులనూ అరెస్టు చేసింది. తేల్చాల్సింది కోర్టు. నమ్మకం మాత్రం అప్పుడే దెబ్బతింది.

మిర్చి యార్డులో కొనేవాళ్లు టిక్కీ పైకాయ చూసి ధర కట్టరు, లోపల్నుంచి తీసి తాలెంతుందో చూస్తారు. పంట అమ్మి ఫీజు కట్టే తల్లిదండ్రులారా, కాలేజీ గేటు మీది బోర్డునూ అలాగే చూడండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: మా పిల్ల చేరే బ్రాంచికి గుర్తింపు ఉందా, టైర్-1దా, టైర్-2దా, ఎప్పటివరకు? జవాబు ఎన్‌బీఏ వెబ్‌సైటులో సరిచూసుకోండి. తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లి, అక్కడున్న విద్యార్థిని ఈ వారం ఏ ప్రయోగం చేశావో అడగండి.