మూడేళ్లలో ఒక జట్టు

ఖోఖో ఆడిన అమ్మాయిలో సాఫ్ట్‌బాల్ క్యాచర్ సగం తయారై ఉంటుంది. గడిలో గొంతుక్కూర్చుని, వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే లేచి పరుగెత్తడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. హోమ్ ప్లేట్ వెనక ఏడు ఇన్నింగ్సులూ అలాగే కూర్చోమంటే మోకాళ్లు మొరాయించవు. కబడ్డీలో కూతకెళ్లిన పిల్లకు బేస్ స్టీల్ చెయ్యడం నేర్పడం తేలిక. ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీద ఉందో ఆమె కళ్లు ముందే పసిగడతాయి. జావెలిన్ విసిరిన చెయ్యి సెంటర్ ఫీల్డ్ నుంచి బంతిని హోమ్‌కు చేరుస్తుంది. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) ఉంటూ సాఫ్ట్‌బాల్ జట్లను తయారు చేసిన నా ఉద్యోగమంతా ఇలా వెతకడంతోనే గడిచింది.

వెతక్క తప్పదు. మూడేళ్ల డిగ్రీలో చేరే అమ్మాయిల్లో చాలామంది సాఫ్ట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకుని ఎరగరు. గురుకులాల్లో చదివినవాళ్లో, నిజామాబాద్ వైపో అనంతపురం వైపో బళ్లో ఆడినవాళ్లో ఒకరిద్దరు వస్తే ఆ ఏడు జట్టుకు వెన్నెముక దొరికినట్టే. మిగతావాళ్లను మనమే గుర్తుపట్టాలి. అడ్మిషన్ల రోజుల్లో నేను మార్కుల మెమోల కంటే నడకను ఎక్కువ చూసేదాన్ని.

ఇలాంటి వెతుకులాట అక్కర్లేని చోటూ ఉంది. అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ప్యాటీ గాసో 1995 నుంచి సాఫ్ట్‌బాల్ హెడ్ కోచ్‌గా ఉన్నారు. ఆమె చేరిన కొత్తలో జట్టుకు సొంత స్టేడియం లేదు, ఊరి పార్కులో ఆడేవాళ్లు. 2000లో తొలి జాతీయ టైటిల్ గెలిచారు. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు, అన్నీ కలిపి ఎనిమిది. అంత గొప్ప కోచ్‌కు తలవంచి నమస్కరిస్తాను. కానీ ఆమె దగ్గరికి చేరే అమ్మాయి చిన్నప్పటి నుంచీ అదే ఆట ఆడుతూ పెరిగిన అమ్మాయి. అక్కడ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆడపిల్లల ఆటలకు కాలేజీల్లో దారి వేసింది. 1982 నుంచి అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్ జాతీయ టైటిల్ పోటీలు జరుపుతోంది. అక్కడి కోచ్‌కు చేతినిండా ఒకే ఆట. మన పీడీ ఒక్కరే వాలీబాల్ నుంచి చదరంగం దాకా అన్నీ చూసుకోవాలి, యువజనోత్సవాల ఊరేగింపుతో సహా.

క్రికెట్ ఆడి వచ్చిన పిల్లలతో ఎక్కువ కష్టపడాలి. వాళ్లకు బంతి అంటే భయం ఉండదు, అది మంచిదే. కానీ క్రికెట్‌లో కొట్టాక పరుగు తియ్యాలా వద్దా అన్నది మన ఇష్టం. ఇక్కడ బంతి లోపల పడిందంటే బ్యాటు వదిలేసి మొదటి బేస్‌కు ఉరకాల్సిందే. ఆ ఉరుకు ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. వికెట్ వెనక్కి సున్నితంగా తిప్పే అందమైన షాట్లన్నీ ఇక్కడ ఫౌల్. పైగా గ్లవ్ ఎడమచేతికి ఉంటే, బంతి వచ్చే క్షణంలో కుడిచెయ్యి దానంతటదే ముందుకు వెళుతుంది. వేళ్లు వాచేవి. నిటారు బ్యాటును అడ్డంగా తిప్పడం నేర్చుకోవడానికి వ్యవధి కూడా ఉండదు. పిచ్చర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకను గడవక ముందే ప్లేట్ దాటిపోతుంది.

అన్నిటికంటే ఆలస్యంగా తయారయ్యేది పిచ్చరే. చెయ్యి భుజం నుంచి పూర్తి చక్రం తిరిగి తుంటి పక్కన బంతిని వదలాలి. బలమైన పిల్ల కనపడగానే పూర్తి చక్రం తిప్పించే కోచ్‌లను చూశాను, అది భుజానికి చేటు. గోడకు దగ్గరగా నిలబెట్టి ముందు మణికట్టు విదిలింపు ఒక్కటే చేయించాలి, వారాల తరబడి. తర్వాత సగం చక్రం. ఆ తర్వాతే అడుగు ముందుకేసి మొత్తం చక్రం. విసుగుతో మానేసిన పిల్లలున్నారు. నిలిచిన పిల్ల రెండో ఏడు చివరికి నమ్మకంగా స్ట్రయిక్‌లు వెయ్యగలిగితే నాకు పండగ. అప్పటికి ఆమె చేతిలో మిగిలేది ఒక్క ఏడు.

ఈ సాధనంతటికీ చోటు కావాలి. నగరం అంచున యాప్రాల్‌లో మేముండే వైపు అప్పట్లో ఖాళీ జాగాలకు కొదవ లేదు. సెలవుల్లో కాలేజీ మైదానం దొరక్కపోతే పిల్లల్ని ఇక్కడికే రమ్మనేదాన్ని. ముగ్గుపిండితో డైమండ్ గీసేవాళ్లం. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు కొలిస్తే సరిపోదు, మూలలు వంకర పోతాయి. హోమ్ నుంచి రెండో బేస్‌కు ఏటవాలుగా టేపు పట్టి 84 అడుగుల 10 అంగుళాలు వచ్చిందో లేదో చూడాలి. పొద్దున్నే నడకకు వచ్చే మాజీ సైనికులు ఆగి టేపు రెండో కొస పట్టుకునేవారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అంచున ఉన్న పేట కదా, కొలతంటే వాళ్లకు గౌరవం. ఇప్పుడు ఆ జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇళ్లు కావాలి, కాదనను. కానీ 60 అడుగుల చదరం, దాని వెనక ఔట్‌ఫీల్డ్ ఒకసారి పోతే మళ్లీ రావు. ఆ బాధ నన్ను వదల్లేదు.

మ్యాచ్‌లో మా జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు కోచ్ చోటు మూడో బేస్ పక్కన. రన్నర్ రెండో బేస్ నుంచి వస్తుంటే ఆపాలా, హోమ్‌కు పంపాలా అని చేతులతో చెప్పాలి. అక్కడికక్కడ తేల్చే సంగతి కాదిది. ఆటకు ముందు అవతలి జట్టు వార్మప్ చేస్తుంటే వాళ్ల ఔట్‌ఫీల్డర్లలో ఎవరి త్రో నేలబారుగా వస్తోంది, ఎవరిది గాల్లో తేలుతోంది అని చూసి పెట్టుకోవాలి. మా పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టి చెప్పించేదాన్ని. మూడో ఏటికి నేను చెయ్యి ఊపకముందే కొందరు హోమ్‌కు మళ్లేవాళ్లు. అటువంటి అమ్మాయి అదే వేసవిలో పరీక్షలు రాసి వెళ్లిపోయేది.

పిల్లల్ని టోర్నమెంట్‌కు తీసుకెళ్లడానికి ముందు ఇంటికి వెళ్లి అడగాలి. “ఎండలో నల్లబడిపోతుందమ్మా, రేపు పెళ్లి చెయ్యాలి” అని తల్లి. “మేడం, రైల్లో మీరు వెంటే ఉంటారు కదా?” అని తండ్రి. రెండోదానికి నా దగ్గర జవాబుంది. మొదటిదానికి నేను ఉద్యోగం మాట ఎత్తేదాన్ని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా కోసం గుర్తించిన ఆటల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. కోటా కోసమే ఆడమని ఏ పిల్లకూ చెప్పలేదు, కానీ గడప దాటించడానికి ఆ మాట పనికొచ్చింది.

ఒకే ఆటను అంటిపెట్టుకుని ఉండే వీలు ఇక్కడా ఒకరికి దొరికింది. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడి పంతులుగా పనిచేసినవారే. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును అంటిపెట్టుకుని ఉన్నారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన ప్రతిభ ఆయనదే. కానీ ఒకే ఆటతో, ఒకే జట్టుతో ఏళ్ల తరబడి ఉండనిచ్చారన్నది కూడా లెక్కలోకి రావాలి. మన కాలేజీల్లో చాలామంది పీడీలకు ఆ ఏడు ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియదు. కాంట్రాక్టు మీద ఉన్న మనిషిని పతకాలు ఎన్ని అని అడుగుతాం. ఏమీ తెలియని ముప్పై మందిలోంచి తొమ్మిది మందిని ఎలా నిలబెట్టావని ఎవరూ అడగరు. నా దృష్టిలో కాలేజీ కోచ్‌ను తూచాల్సింది ఆ రెండో ప్రశ్నతోనే.

ఒక్క విశ్వవిద్యాలయమైనా ఒక పీడీని పదేళ్లపాటు ఒకే ఆటకు వదిలి చూడాలి. సాఫ్ట్‌బాల్‌తో మొదలుపెట్టమని నా కోరిక. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మళ్లీ ఉంది, పోటీలు ఓక్లహోమా సిటీలో జరుగుతాయి. టీవీలో చూసిన పిల్లలు మర్నాడు పీడీ గదికి వచ్చి అడుగుతారు. అప్పటికి గదిలో గ్లవ్‌లు ఉండాలి. ఎడమచేత్తో విసిరే పిల్లల కోసం కుడిచేతికి తొడిగేవి కూడా కొనిపెట్టండి. చాలా కాలేజీల్లో అవి ఒక్కటీ ఉండవు.