తెర మీది మోడ్‌లు, తంతువులోని కాంతి

కాంతి తంతువులో కాంతి ఎలా పయనిస్తుందని అడిగితే మన పాఠ్యపుస్తకాలు సంపూర్ణాంతర పరావర్తనం గురించి చెబుతాయి. గోడ నుంచి గోడకు తగులుతూ ముందుకు సాగే కిరణం బొమ్మ ఒకటి వేస్తాయి. ఆ బొమ్మ తప్పు కాదు గాని, ఇంటర్నెట్ సంకేతాలను దూరాలకు మోసే తంతువు విషయంలో అది చాలదు. ఆ తంతువు కోర్ వ్యాసం సుమారు 8 మైక్రాన్లు. అందులో సాగే కాంతి తరంగదైర్ఘ్యం ఒకటిన్నర మైక్రాన్లు. ఇంత ఇరుకు చోట కాంతిని తరంగంగానే లెక్కించాలి. తంతువు పొడవునా ఆకారం మారకుండా సాగే తరంగ రూపాలను 'మోడ్‌లు' అంటారు.

ఈ మోడ్‌లను లెక్కించే సాఫ్ట్‌వేర్లు నేడు చాలా ఉన్నాయి. కోర్ వ్యాసార్ధం, వక్రీభవన గుణకాలు, తరంగదైర్ఘ్యం ఇస్తే క్షణంలో మోడ్‌ల సంఖ్య, వాటి రంగుల బొమ్మలు తెర మీదికి వస్తాయి. ఇవి విద్యార్థికి ఎంత మేలు చేస్తాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో పరిశీలిద్దాం.

ముందు మేలు సంగతి. కోర్‌లోని తరంగాన్ని బెసెల్ ప్రమేయాలతోనూ, చుట్టూ ఉన్న క్లాడింగ్‌లోని తరంగాన్ని వాటి మరో రూపంతోనూ రాస్తారు. సరిహద్దు వద్ద రెండూ సరిగ్గా అతకాలి. ఆ షరతు నుంచి వచ్చే సమీకరణానికి నేరుగా సూత్రరూపంలో జవాబు రాదు. విలువలు వేసి చూస్తూ మూలాలను వెదకాలి. ఈ చాకిరీని యంత్రానికి అప్పగించడంలో తప్పేమీ లేదు. పైగా కిరణం బొమ్మ ఎన్నటికీ చెప్పలేని ఒక సత్యాన్ని తెర చూపిస్తుంది. 8.2 మైక్రాన్ల కోర్ ఉన్న తంతువులో 1.55 మైక్రాన్ల కాంతి సుమారు 10.4 మైక్రాన్ల వెడల్పున పరచుకుంటుంది. అంటే కాంతిలో కొంత భాగం క్లాడింగ్‌లోనే నడుస్తుందన్నమాట!

ఇక లోపాలు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆధారం 1971లో గ్లోజ్ 'అప్లయిడ్ ఆప్టిక్స్' పత్రికలో ప్రకటించిన సులభ పద్ధతి. కోర్, క్లాడింగ్‌ల వక్రీభవన గుణకాలు దాదాపు సమానమన్నది దాని ఊహ. ఎల్‌పి01, ఎల్‌పి11 అనే పేర్లు అక్కడివే. మామూలు టెలికాం తంతువులో ఆ తేడా అర శాతానికి లోపే కనుక పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కాని గాజును మైక్రాన్ కంటే సన్నగా సాగదీసి గాలిలో ఉంచితే గుణకాలు 1.45, 1 అవుతాయి. అక్కడ ఈ ఊహ చెల్లదు. అయినా విలువలు ఇస్తే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏదో ఒక జవాబు చెబుతుంది. ఆ జవాబు పక్కన హెచ్చరిక లేకపోతే విద్యార్థికి అనుమానం ఎలా వస్తుంది?

ఇంతకంటే పెద్ద చిక్కు మనం ఇచ్చే విలువల్లో ఉంది. మోడ్‌ల లెక్కకు కీలకమైనది 'వి' సంఖ్య. రెండు పైలను కోర్ వ్యాసార్ధంతోనూ, న్యూమరికల్ అపర్చర్‌తోనూ గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే అది వస్తుంది. 'వి' 2.405 కంటే తక్కువైతే తంతువులో ఒకే మోడ్ సాగుతుంది. కార్నింగ్ వారి ఎస్.ఎం.ఎఫ్-28 తంతువు వివరపత్రంలో కోర్ వ్యాసం 8.2 మైక్రాన్లు, న్యూమరికల్ అపర్చర్ 0.14 అని ఉంటాయి. వీటిని ఉన్నవున్నట్టు వేస్తే 1.31 మైక్రాన్ల వద్ద 'వి' 2.75 అవుతుంది. అంటే ఏక మోడ్ తంతువు ఏక మోడ్ కాదని సాఫ్ట్‌వేర్ తీర్పు చెబుతుంది! తంతువులో లోపమేమీ లేదు. ఆ 0.14 అన్నది బయటికొచ్చే కాంతి తీవ్రత ఒక శాతానికి పడిపోయే కోణాన్ని కొలిచి ఇచ్చిన విలువ. సూత్రం కోరేది వక్రీభవన గుణకాల నుంచి వచ్చే విలువ. అది 0.12 దాపున ఉంటుంది. దాన్ని వేసి చూడండి, 'వి' 2.36కు దిగుతుంది. పేరు ఒకటే అయినా అర్థాలు రెండు. ఏ అర్థంలో అడుగుతున్నదో చెప్పని సాఫ్ట్‌వేర్‌ను బోధనకు పనికొచ్చేదిగా ఒప్పుకోలేం.

మరొకటి. ఈ లెక్కలు సాధారణంగా నిటారుగా ఉన్న తంతువుకే వర్తిస్తాయి. మీ బల్ల మీది తంతువు వంగి ఉంటుంది. వంపు వద్ద కాంతి బయటికి జారిపోతుంది. 1.31 కంటే 1.55 మైక్రాన్ల వద్ద ఆ నష్టం ఎక్కువ.

అలాగని సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టమని కాదు. దాన్ని పరీక్షకు నిలబెట్టమనే నా సలహా. పై తంతువులోకి 0.633 మైక్రాన్ల హీలియం-నియాన్ లేజర్ కాంతి పంపుతున్నారనుకోండి. ముందు కాగితం మీద 'వి' కట్టండి. 4.88 వస్తుంది. ఎల్‌పి11కు హద్దు 2.405. ఎల్‌పి21, ఎల్‌పి02లకు హద్దు 3.832. ఎల్‌పి31కు 5.136. కనుక ఎల్‌పి01తో కలిపి నాలుగు రూపాలు సాగాలి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అడగండి. తర్వాత కళాశాల ప్రయోగశాలలో, అధ్యాపకుల సమక్షంలో, తంతువు చివర తెల్ల కాగితం పెట్టి చూడండి. కాంతి పంపే కోణం మార్చినప్పుడల్లా మచ్చ ఆకారం మారుతుంది. ఒక్కోసారి రెండు ముక్కలుగా విడిపోతుంది కూడా. మూడు జవాబులూ కలిశాకే ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్మండి.

సమీకరణాల పుట్టుక తెలుసుకోగోరే డిగ్రీ, పి.జి. విద్యార్థులు అజయ్ ఘటక్, త్యాగరాజన్ 1998లో వెలువరించిన 'ఇంట్రడక్షన్ టు ఫైబర్ ఆప్టిక్స్' చదవవచ్చు. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని సాఫ్ట్‌వేర్ తెరిస్తే, తెర మీది ప్రతి అంకె ఏ ఊహ మీద నిలిచి ఉందో మీకే బోధపడుతుంది.